బతికున్న నీళ్ళు

మా వీధి వెనక కాలవ ఒకప్పుడు పూటకో రంగులో పారేది. పొద్దున నీలం, మధ్యాహ్నానికి ఎరుపు. ఒక్కోరోజు రెండు రంగులూ కలవకుండా, మాట్లాడుకోని తోడికోడళ్ళలా పక్కపక్కనే పోయేవి. ఈ ఏడాది లోకం ఏ రంగు బట్టలు వేసుకోబోతోందో అందరికంటే ముందు మాకే తెలుస్తుందని మా అమ్మ గొప్పలు పోయేది. నేను పెరటి మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళని చూస్తూ చూస్తూ బడి సంగతే మరిచిపోయేదాన్ని. అందులో చేప అన్నది లేదనీ, దాని మీద దోమ కూడా వాలదనీ అప్పట్లో ఎవరికీ తట్టలేదు. కళ్ళకి అంత బాగున్నప్పుడు మిగతావి ఎవరు చూస్తారు?

ఆ రంగులన్నీ బట్టలకి రంగులద్దే మా కంపెనీవి. నేనిప్పుడు అక్కడే, రంగుల గదిలో పొడులు తూచి కలుపుతాను. కాలవ మాత్రం ఉత్త నీళ్ళ రంగులో పారుతోంది. దాని గట్టున ఈమధ్య పిట్టలు కూడా దిగుతున్నాయి. నీళ్ళు నీళ్ళలా పారడం వెనక ఎంత బాధ ఉందో తెలిసినవాడు మా అక్క మొగుడు. అంటే మా బావ.

కొన్నేళ్ళ క్రితం మా కంపెనీకి బుద్ధొచ్చింది. తనంతట తనకే వచ్చిందో, బట్టలు కొనేవాళ్ళు మెడలు వంచి తెప్పించారో, ఆ గొడవ మనకొద్దు. రంగు తొట్టెల్లోంచి పొగలు కక్కుతూ పోయే నీళ్ళ వేడిని పట్టుకుని, దాంతో చల్లనీళ్ళు కాచడం మొదలుపెట్టారు. రంగు పట్టడానికి వేసే ఉప్పుని నీళ్ళలోంచి వెనక్కి లాగారు. ఒకసారి బట్టలు జాడించిన నీళ్ళని శుభ్రం చేసి మళ్ళీ జాడింపుకే తిప్పారు. ఇదంతా జరగడానికి కంపెనీ వెనక, ముళ్ళకంపలున్న ఖాళీ జాగాలో ట్యాంకులు కట్టారు. వాటిలో పెద్దదాన్ని గాలి ట్యాంకు అంటాం. దాని అడుగున గొట్టాల్లోంచి ఎప్పుడూ గాలి బుడగలు వస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళలో కంటికి కనపడని పురుగులు లెక్కలేనన్ని బతుకుతుంటాయి. బట్టలు వదిలిన మురికే వాటికి తిండి. అవి తిన్నాక మిగిలేదే మంచినీళ్ళు.

ఆ పురుగుల్ని చూసుకునే ఉద్యోగం మా బావది. నోట్లో నాలుక లేని మనిషి. ట్యాంకు అంచు కమ్మీకి ఆనుకుని, కళ్ళు సగం మూసుకుని, నురుగుని చూస్తూ గంటలు గంటలు నిలబడతాడు. అందుకే కంపెనీలో అందరికీ ఆయన పేరు నురుగు. జీతాల కాగితం మీదున్న అసలు పేరు పిలిస్తే ఆయనే పలకడు. నురుగు లేత గోధుమ రంగులో ఉంటే ఆయన ముఖం వెలుగుతుంది. తెల్లబడితే ఆయన ముఖమూ తెల్లబడుతుంది. ట్యాంకు బాగున్నప్పుడు వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది. ఎండలు మండిపోతున్నా సరే, ఆ మూలకి పోతే ఎక్కడో ఇప్పుడే చినుకులు పడి వెలిసినట్టు ఉండేది.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేను అక్కడికే పోయేదాన్ని. గొట్టాల్లోకి గాలి కొట్టే బ్లోయర్ల హోరుకి మొదట చెవులు గింగురుమంటాయి. కాసేపటికి ఆ హోరు వినపడ్డం మానేస్తుంది, దాని కింద ఇంకేదో మెల్లగా వినపడుతుంది. బుడగలు పైకొచ్చి పగిలే చప్పుడు. అది వింటూ కూర్చుంటే నాకు నిద్రా కాదు మెలకువా కాదు, ఏదో మైకం కమ్మేది. పొద్దుటినుంచీ నేను కలిపిన రంగులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చి, నీళ్ళలో విచ్చుకుని, పలచబడి మాయమయ్యేవి. పెద్దదేదో పడుకుని ఊపిరి తీస్తోంటే దాని పక్కన నేనూ పడుకున్నట్టుండేది. బావ దగ్గితే ఉలిక్కిపడి లేచేదాన్ని.

"ఏమంటోంది బావా మీ ట్యాంకు?" అని కదిపేదాన్ని.

"పిల్లలు కాస్త నలతగా ఉన్నారు," అనేవాడు నెమ్మదిగా. "నిన్న నువ్వు కలిపిన నల్లరంగు అరగలేదు వాళ్ళకి."

"లోకమంతా నా రంగుల్ని మెచ్చుకుంటుంటే, వంక పెట్టేది మీరొక్కరే."

ఆయన నవ్వేవాడు. ఆ పురుగుల్ని పిల్లలు అనడం ట్యాంకు దగ్గర మాత్రమే. ఇంట్లో ఆ మాట నాలుక మీదికి కూడా రానిచ్చేవాడు కాదు. మా అక్కకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ తర్వాత ఇక రాలేదు. కొత్తగా ట్యాంకు పని మొదలైన రోజుల్లో ఒక పూట బావ భోజనానికి కూర్చుని, "ఇవాళ పిల్లలు కడుపునిండా తిన్నారు," అన్నాడట, తన ధ్యాసలో తాను. అక్క గరిటె కింద పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆనాటినుంచి ఆ ఇంట్లో ట్యాంకు మాటే లేదు. ఎత్తకపోవడం ఒక మర్యాదలా అయిపోయింది. ఒకే కంపెనీలో పనిచేసే మొగుడూ పెళ్ళాలు ఇంటికొచ్చి కూరగాయల ధర గురించే మాట్లాడుకునేవాళ్ళు.

అవును, మా అక్కదీ అక్కడే పని. నేలలు కడిగేవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. శుభ్రం అంటే మామూలు శుభ్రం కాదు, నిప్పునైనా కడిగే రకం. మా చిన్నప్పుడు నన్ను కూడా అలాగే తోమేది, తోలు ఊడుతుందేమో అనిపించేది. ఆవిడ కడిగిన వసారాలో నడవాలంటే మేనేజర్లు కూడా చెప్పులు విప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగేవాళ్ళు.

బట్టలు కొనే కంపెనీవాళ్ళు నీళ్ళ పని చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. అసలు చూడబోయేది మా బావ ట్యాంకునే. మేనేజరు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. "నేలలు మెరవాలమ్మా, ముఖం కనపడాలి," అని అక్కతో పదిసార్లు చెప్పాడు. చెప్పక్కర్లేదు అసలు. మొగుడి పని చూడ్డానికి పెద్దవాళ్ళు వస్తుంటే ఆవిడ ఊరుకుంటుందా? ఎప్పుడూ వాడే సబ్బునీళ్ళు ఆ రోజుకి చాలవనుకుంది. స్టోరుకి పోయి బ్లీచింగ్ పౌడరు బస్తాలు తీయించింది, ఫినాయిల్ డబ్బాలు ఎత్తించింది, ఏళ్ళనాటి మరకలకి యాసిడ్ పోయించింది. రంగు తొట్టెల కింద గచ్చంతా, మూలలు, నీళ్ళు పోయే జాలీలతో సహా రుద్దిరుద్ది కడిగించింది. అంత పని తన మొగుడి కోసమేనని ఒక్కరికీ చెప్పలేదు. నాకు తెలుసు, ఎందుకంటే పని చేస్తూ పాడుకుంటోంది. అక్క పాట నేను విని ఎన్నేళ్ళయిందో!

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ట్యాంకు మీద నురుగు మంచుగడ్డల్లా తెల్లగా లేచి ఉంది. కింద నీళ్ళు బూడిద రంగు. మట్టి వాసన లేదు, ఆస్పత్రి వాసన. బావ కమ్మీ దగ్గర నిలబడి లేడు, నేల మీద చతికిలబడి ఉన్నాడు. నీళ్ళు పరీక్షించే ల్యాబ్ అమ్మాయి ఒక చుక్క తీసుకెళ్ళి సూక్ష్మదర్శినిలో చూసి వచ్చింది. "ఒక్కటీ కదలడం లేదండీ," అంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది మా అక్క, తడిచేతులు తుడుచుకుంటూ, ముఖం వెలిగిపోతూ.

"లోపల గచ్చు చూశారా? ఒక్కసారి రండి. అద్దం, అంతే! ముఖం చూసుకోవచ్చు."

బావ తల ఎత్తాడు. "ఏం వేసి కడిగావు?"

ఆవిడ అన్నీ చెప్పింది. ఒక్కోటీ వేళ్ళు మడుస్తూ, గొప్పగా. నేను సైగ చేశాను, చూడలేదు.

"ఆ జాలీల్లో పోయిన నీళ్ళు ఎక్కడికి వస్తాయనుకున్నావు?" అన్నాడు ఆయన. కోపం లేదు గొంతులో. అసలేమీ లేదు.

"ఎక్కడికేమిటి, బయటికి..." అని, అక్క ట్యాంకు వైపు చూసింది. ఆ తెల్లటి నురుగు వైపు చూసింది. ముఖంలో వెలుగు పోవడం నేను కళ్ళారా చూశాను. మళ్ళీ అలాంటిది చూడాలని లేదు.

మేనేజరుకి గుండెల్లో రాయి పడింది. "మెరవాలన్నది మీరు కాదుటండీ?" అని నేను ముఖం మీదే అడిగాను. పాపం అంత చెడ్డవాడు కాదు. వచ్చేవాళ్ళకి ఫోను చేసి, ట్యాంకు చచ్చిపోయింది, బతికాక రండి, అని ఉన్నదున్నట్టు చెప్పాడు. కానీ రంగునీళ్ళు ఆగవుగా. వాటిని పక్కనున్న నిలవ గుంటలోకి మళ్ళించారు. గుంట నిండేలోపు ట్యాంకు బతకాలి. బతక్కపోతే రంగు తొట్టెలు ఆపేయాలి, ఏ రోజు కూలి ఆ రోజే తెచ్చుకునేవాళ్ళు ఇళ్ళకి పోవాలి. నీళ్ళు అలాగే కాలవలోకి వదిలేద్దామన్న మాట ఎవరో గొణిగారు గానీ, గట్టిగా అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గట్టున పిట్టలున్నాయి కదా.

జనం నోళ్ళు మాత్రం ఊరుకోవు. ఫిట్టరు ఒకడు, అక్క బకెట్టు పట్టుకుని పోతుంటే వినపడేలా, "పిల్లల్ని పెంచిన చెయ్యి అయితే తెలిసేది," అన్నాడు. నా చేతిలో ఉన్న పసుపురంగు డబ్బా అతని మీద జారిపడింది. జారిపడిందనే అందరికీ చెప్పాను. అతను చాలా రోజులు పసుపు చెవులతో తిరిగాడు. అయినా నా కడుపుమంట చల్లారలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి పోయాను. కిటికీలోంచి పడుతున్న ఎండ గోడ మీద పాకుతోంది. అక్క కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతోంది.

"మీ బావ ఉలకడు పలకడు," అంది. "పెట్టింది తింటాడు, పడుకుంటాడు. ఒక్కసారి తిట్టమనవే. తిడితే ఏడ్చి ఊరుకుంటాను."

"నువ్వు కావాలని చేశావా ఏమిటి?"

"కావాలని చెయ్యకపోతే మాత్రం? నా ఒంట్లో నిలవలేదు, సరే, నా రాత అనుకున్నాను. ఆయన ఎక్కడో గొయ్యిలో పెంచుకుంటుంటే వాటిని కూడా నేనే పొట్టన పెట్టుకున్నాను. నా దగ్గర ఏదీ బతకదే."

గిన్నె లాక్కుని నేనే కడగడం మొదలుపెట్టాను. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత నాకు బావ మీద పట్టరానంత కోపం వచ్చింది.

మర్నాడు తిన్నగా ట్యాంకు దగ్గరికే పోయి నిలదీశాను. "మనిషిని మాటల్లేకుండా చంపుతున్నారు. కోపం ఉంటే తిట్టండి, కొట్టేయండి, ఈ మౌనవ్రతం ఏమిటి?"

ఆయన నిద్రలోంచి లేచినట్టు చూశాడు. "కోపమా? ఎవరి మీద?"

"అక్క మీద!"

"ఆ జాలీ నీళ్ళు ఇక్కడికి వస్తాయని ఇన్నేళ్ళలో నేనొక్కసారి చెప్పలేదు మరదలా. ఈ మాటెత్తితే తనకి బాధని దాచాను. దాచింది నేను. తన మీద కోపం ఎందుకొస్తుంది?"

"మరి ఆ ముక్క అక్కతో అనొచ్చుగా, మహానుభావా!"

"ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు," అన్నాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. కంటికి కనపడని పురుగులతో పొద్దస్తమానం మాట్లాడే మనిషికి కట్టుకున్నదానితో మాట్లాడ్డం రాదట!

ఆ మధ్యాహ్నమే ట్యాంకరు లారీ వచ్చింది. ఊరి మురుగునీళ్ళు శుభ్రం చేసే చోటునుంచి బురద అడిగి తెప్పించాడు బావ. నల్లగా, చిక్కగా, మేం ముక్కులు మూసుకునేంత కంపు. ఆయన మాత్రం వియ్యంకులు దిగినట్టు ఎదురెళ్ళాడు. పాలు కావాలంటే పాడి ఉన్న ఇంటికి పోవాలి, పురుగులు కావాలంటే పురుగులున్న చోటికే పోవాలి అంటాడు. పాత నీళ్ళు తోడేసి, ట్యాంకు కడిగి, కొత్త నీళ్ళు పెట్టి, ఆ బురద కలిపాడు. మనందరి ఇళ్ళలోంచి, మన స్నానాల గదుల్లోంచి, మన వంటిళ్ళలోంచి పోయిన నీళ్ళలో పుట్టినవే అవన్నీ. వచ్చింది ఎంత దూరంనుంచి అని నేనడిగితే, "మీ ఇంటినుంచే," అన్నాడు. బుడగలు మళ్ళీ మొదలయ్యాయి. నేను చాలాసేపు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఊళ్ళో కిటికీలన్నీ ఆ నీళ్ళ కింద వెలుగుతున్నట్టూ, తలుపుల వెనక ఎవరెవరో మెల్లగా మాట్లాడుకుంటున్నట్టూ అనిపించింది.

వచ్చినవి కొత్త చోటుకి అలవాటు పడాలి. వచ్చీ రాగానే రంగునీళ్ళు పోస్తే తట్టుకోలేవు. మొదట తిండిగా చెరకు మడ్డిని పలచగా కలిపి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పొయ్యాలి. ఆ తర్వాతే చెంచాడు చెంచాడు రంగునీళ్ళు. దానికి ఓపికున్న చెయ్యి కావాలి.

"మీ అక్కని పంపు," అన్నాడు బావ.

కబురు చెప్పగానే అక్క వెనక్కి తగ్గింది. "చంపిన చేత్తోనే పొయ్యమంటున్నాడా?"

"అదేమో నాకు తెలియదు, నడు," అని రెక్క పుచ్చుకుని లాక్కుపోయాను. ట్యాంకుకి ఆమడ దూరంలోనే ఆగిపోయింది. బావ వచ్చి ఆవిడ చేతిలో చెంబు పెట్టాడు. ఒక్క మాటైనా అంటాడేమోనని నేను చూశాను. అనలేదు. పక్కకి జరిగి చోటిచ్చాడు, అంతే. అక్క చెంబు వంచింది. సగం కమ్మీ మీదే పడింది. పోసిన మరుక్షణం చెయ్యి వెనక దాచుకుంది.

కానీ మళ్ళీ వచ్చింది. పని మధ్యలో తెరిపి దొరికినప్పుడల్లా రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ కమ్మీకి చెరో చివర నిలబడేవాళ్ళు, మధ్యలో ట్యాంకు గుసగుసలాడేది. ఆ రోజుల్లో నేను అక్కడ కునుకు తీయడం మానేశాను, ఏం వినాల్సి వస్తుందోనని. వినడానికి ఏమీ ఉండేది కాదు. గుంటలో నీళ్ళు మాత్రం పైకొస్తున్నాయి. తొట్టెల దగ్గరివాళ్ళు పొద్దున రాగానే ముందు గుంట చూసి, తర్వాత అక్క ముఖం చూసేవాళ్ళు.

ఒక పూట బావ బ్లోయరు దగ్గరికి వెళ్ళి తిరిగి వస్తున్నాడు. అక్క చెంబు పక్కన పెట్టి మడ్డి బకెట్టు బకెట్టే ఎత్తి ట్యాంకులో కుమ్మరించింది. పాపం, అవి ఇంకా నీరసంగా ఉన్నాయి, కడుపునిండితే లేస్తాయనుకుంది.

"అయ్యో అయ్యో! అంత పోస్తారా ఎవరైనా?" అని అరిచాడు బావ. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. కంపెనీ మొత్తం వినడం కూడా అదే మొదలు. "నిన్నగాక మొన్నే ఊపిరి తీసుకోడం మొదలెట్టాయి, అజీర్తి చెయ్యదూ? కాస్తైనా బుద్ధుందా నీకు? ఇలాగేనా పెట్టడం?"

పనులు ఆపి అందరూ చూస్తున్నారు. అక్క బకెట్టు కిందికి దించింది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, "అరవకండి," అంది. "జడుసుకుంటాయి."

ముందు అక్కే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆయన బకెట్టు అందుకుని, "మరి గాలి పెంచాలిప్పుడు, రా చూపిస్తాను," అన్నాడు. ఇద్దరూ బ్లోయరు గది వైపు నడిచారు. గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో, ఏ జాలీ నీళ్ళు ఏ మలుపు తిరుగుతాయో, ఆ రోజంతా చేయి ఊపి ఊపి చూపిస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళ మాటలు బాకీ పడ్డాయి కదా. సాయంత్రం ఇంటికి పోతూ దారంతా అవే కబుర్లు. నేను వాళ్ళ వెనకే నడుస్తున్నాను, ఒక్కరూ నా వైపు తిరిగి చూడలేదు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

గుంట అంచుదాకా వచ్చింది. తొట్టెలు ఆపే సంగతి మేనేజరు మర్నాడు తేలుస్తానన్నాడు. ఆ మర్నాడు పొద్దున గేటు దాటుతుంటేనే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి మాత్రం వాన పడ్డ మట్టి వాసన వేస్తోంది. కలేమో అనుకుని మళ్ళీ గట్టిగా పీల్చాను. ట్యాంకు దగ్గరికి పరుగెత్తాను. నురుగు లేత గోధుమ రంగులో, పలచగా ఉంది. అక్కా బావా లేరు. ల్యాబ్ గదిలో ఉన్నారు.

ఆ అమ్మాయి అప్పుడే అద్దం మీద చుక్క వేసింది. మేనేజరు గుమ్మంలో నిలబడి, "ఏమంటారు, గుంట నీళ్ళు ట్యాంకులోకి వదలొచ్చా?" అంటున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు బావ. "ముందు తను చూడనీయండి."

అక్క చేతులు రెండూ వెనక్కి కట్టుకుని సూక్ష్మదర్శిని మీదికి వంగింది, ముట్టుకుంటే ఏమవుతుందోనన్నట్టు. మొదట ఏమీ కనపడలేదంది. తర్వాత ఇంకాస్త వంగింది. ఆవిడ చూసింది తర్వాత నేనూ చూశాను. నీటిచుక్కలో సన్నని కాడల మీద గంటల్లాంటివి గుంపుగా ఊగుతున్నాయి. ఒకటి ముడుచుకుంటుంది, మెల్లగా విచ్చుకుంటుంది. దాన్ని చూసి ఇంకోటి. ఏ తొందరా లేదు వాటికి. చూస్తుంటే మనసు ఎటో వెళ్ళిపోతుంది.

"నోళ్ళు తెరుస్తున్నాయి ఇవి," అంది అక్క, కన్ను తీయకుండానే. "ఏం చేస్తున్నాయి?"

"తింటున్నాయి," అన్నాడు బావ.

"ఏం తింటున్నాయి?"

"నువ్వు పోసింది."

అవి మడ్డిని తినవట. మడ్డి తిన్న చిన్నచిన్నవాటిని ఇవి తింటాయట. ఆ సంగతి చెప్పడానికి ల్యాబ్ అమ్మాయి నోరు తెరిచింది. నేను ఆమె కాలు గట్టిగా తొక్కాను.

అక్క వెనక కట్టుకున్న చేతులు విప్పి బల్ల అంచు పట్టుకుంది. "నేను పోసిందేనా?" అని మళ్ళీ అడిగింది.

"నువ్వు పోసిందే," అన్నాడు బావ.